బావ రైఫిల్‌కి మడత సైటు

మా బావ రైఫిల్‌కి ఏ సైటు పెట్టాలో తేల్చింది నేను. తుపాకులతో నా పరిచయం చిన్నప్పుడు దీపావళికి రీలు తుపాకీ పేల్చడంతో మొదలై అక్కడే ఆగిపోయింది. విజయవాడ వన్‌టౌన్‌లో నాకో బట్టల కొట్టుంది. చీర విప్పి చూపించడం, చూసి వెళ్లిపోయినవాళ్ల వెనకాల దాన్ని మళ్లీ మడత పెట్టడం, ఇన్నేళ్లూ నేను చేసిన సాధన ఇదే. అటువంటివాడి మాటని, ఉద్యోగమంతా పిల్లల్ని ఎండలో నిటారుగా నిలబెట్టిన డ్రిల్లు మాస్టారు మా బావ ఎందుకు విన్నాడో తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

బావ అంటే మా అక్క భర్త. మావి చల్లపల్లి పక్కన నేత కుటుంబాలు. మా నాన్న మగ్గమూ వాళ్ల నాన్న మగ్గమూ పక్క పక్క సందుల్లో మోగేవి. బావ మాత్రం మగ్గం గుంటలో కాళ్లు పెట్టలేదు. కాలేజీలో ఎన్‌సీసీలో చేరి రైఫిల్ పట్టుకున్నాడు. గురి బాగా కుదిరి ఒక పతకం తెచ్చుకుంటే, వాళ్ల నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఏ చీరకి కుడతార్రా" అన్నాడట. తర్వాత ఉయ్యూరులో బడి ఉద్యోగం, పదవీ విరమణ, భవానీపురంలో రెండు గదుల ఫ్లాటు. ఆ ఫ్లాటుకి నాలుగు వీధుల అవతల, ఒక కళ్యాణమండపం వెనకున్న పాత గోడౌన్లో ఎయిర్ రైఫిల్ క్లబ్బు ఉందని తెలిసిన రోజు ఆయన మా కొట్టుకి నడుచుకుంటూ వచ్చి మరీ చెప్పాడు. భవానీపురం నుంచి వన్‌టౌన్‌కి, మే నెలలో.

ఎయిర్ రైఫిల్ అంటే గాలితో పేలేది. లోపల స్ప్రింగు, బియ్యపు గింజ కన్నా కాస్త లావు సీసపు గుళ్లు, పది మీటర్ల దూరంలో కాగితం. కాగితానికి చిల్లు పెట్టడం తప్ప దానితో ఎవరికీ ఏ కీడూ లేదు. మా అక్క మొదట్లో, "ఈ వయసులో తుపాకీ ఏంటండీ, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు" అని నసిగింది. "బట్టల కొట్టు బావమరిది ఉన్నవాడికి ఆత్మరక్షణ అనుకుంటార్లే" అన్నాడాయన.

ఆ తర్వాత కంటి జబ్బు బయటపడింది. నీటికాసులు, డాక్టర్ల మాటలో గ్లాకోమా. కాసులన్న మాటని అంత భయంగా పలకడం మా వ్యాపారస్తుల ఇళ్లలో అదే మొదలు. ఎడమ కన్ను పోయిందని ఆయనకే తెలియలేదు. రెండో కన్ను ఇన్నాళ్లూ దాని పని కూడా చేసుకుపోయింది. ఆ రెండో కంట్లోనూ అంచులు పోతున్నాయి, నడిమి చూపు మిగిలింది. పోయింది రాదని, ఉన్నదాన్ని వీలైనన్నాళ్లు నిలబెడదామని డాక్టరు గారు చెప్పారు. ఆవిడ చాలా స్పష్టంగా చెప్పారు. బావ స్పష్టంగా విన్నాడు. నేనూ అక్కా మాత్రం మాకు కావలసిన ముక్కలే ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నాం.

అప్పటిదాకా ఆయన రైఫిల్ మీద స్కోపు, అంటే చిన్న దుర్భిణి గొట్టం, పెట్టుకుని కాల్చేవాడు. దానికి కన్ను సరిగ్గా ఒక చోట ఆనాలి, లేకపోతే అంతా నలుపే. అంచులు పోయిన కంటికి ఆ చోటు దొరకడం మానేసింది. ఒక ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "స్కోపు తీసేస్తాన్రా. అద్దాల్లేని ఇనప సైటు పెట్టించుకుంటా. కార్తీకంలో క్లబ్బు పోటీ ఉంది, ఓపెన్ సైటులో పది షాట్లు. ఈ కన్నుండగా ఒక్కసారి, కాలేజీలో కాల్చినట్టు కాల్చాలి" అన్నాడు. ఆయన ఎవరినీ ఏదీ అడిగే రకం కాదు. మా అక్కనిచ్చినప్పుడు కూడా మా నాన్నని సైకిలు అడగలేదు.

మా ఊళ్లో సైటంటే ముందు గుర్తొచ్చేది స్థలం. "బావకి సైటు చూడాలి" అని నేను కొట్టులో ఫోన్లో అంటే పక్క కొట్టాయన "ఎన్ని గజాలండీ" అంటూ వచ్చి కూర్చున్నాడు. కళ్లజోడున్నవాడికీ సైటుందంటాం. కుర్రతనంలో కాలేజీ గేటు దగ్గర కొట్టేది ఇంకో సైటు. ఈ మూడింట్లోనూ నాకు అంతో ఇంతో అనుభవం ఉంది, మూడోదాంట్లో అపజయంతో సహా. రైఫిల్ మీద గురి చూసుకునేది నాలుగోది, దాని గురించి నాకేమీ తెలియదు. అయినా ఆయన వెంట క్లబ్బుకి వెళ్లాను, సలహా ఇవ్వడానికి.

కోచ్ గారు బల్ల మీద రెండు రకాలు పెట్టారు. ఒకటి కదలని సైటు. ఒకసారి రైఫిల్‌కి బిగిస్తే చూరులో దూలంలా ఉండిపోతుంది. రెండోది మడిచేది. వాడనప్పుడు రైఫిల్ వీపు మీద పడుకుంటుంది, కావలసినప్పుడు వేలితో ఎత్తితే లేచి నిలబడుతుంది, లోపల చిన్న నాలుక లాంటి ఇనప ముక్క టక్కున పడి దాన్ని పట్టి ఉంచుతుంది.

"కదలనిది పెడితే మళ్లీ స్కోపు పెట్టడానికి చోటుండదు సార్. మడతదైతే రెండూ మార్చుకోవచ్చు. కాకపోతే కీలు కదా, కనిపెట్టుకుని ఉండాలి. టక్‌మనకపోతే నిలబడినట్టే ఉంటుంది, దెబ్బ దెబ్బకీ వాలిపోద్ది" అన్నారు కోచ్ గారు.

"స్కోపు నాకెందుకయ్యా ఇక. కదలంది బిగించు" అన్నాడు బావ.

"అదేంటి బావా. రేపు కన్ను కుదుటపడితే మళ్లీ స్కోపు కావాలిగా. మడతది తీసుకో" అన్నాను.

"మడత పెట్టడం తప్ప నీకింకో ఆలోచన రాదట్రా."

"మర్యాదంతా మడతలోనే ఉంది బావా. పంచె చూడు."

"పంచె సంగతి నువ్వే చెప్పాలి. నీ పెళ్లిలో తలంబ్రాల వేళకి నీ కుచ్చిళ్లు ఎవరు పట్టుకున్నార్రా? పురోహితుడా?"

కోచ్ గారు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే పట్టు వదల్లేదు. కదలని సైటు ఆ బల్ల మీద ఒక తీర్పులా కనిపించింది నాకు. అది బిగిస్తే ఆయన కన్ను ఇక బాగుపడదని మేమే మరలు తిప్పి ఒప్పుకున్నట్టు. మడతదైతే ఏదీ ఒప్పుకోనక్కర్లేదు. ఇది నాకు అప్పుడు తెలియదు. అప్పుడు నాకు తెలిసిందల్లా మడతది చూడ్డానికి ఒద్దికగా ఉందని. బావ కాసేపు రెండింటినీ వేళ్లతో తడిమాడు. తర్వాత నా వైపు తల పూర్తిగా తిప్పి చూశాడు. ఆయనకి మనిషి కనిపించాలంటే అలా తిప్పాల్సిందే.

"మీ అక్క కూడా ఇదే అంటదా?"

"అంటది."

"సరే అయితే. నీ మీద గురి ఉంది. ఇదే పెట్టండి."

రెండు నెలలు సాధన చేశాడు. ఇనప సైటుతో కాల్చడంలో కిటుకేమిటో నాకు ఫ్లాటు వరండాలో కూర్చుని చెప్పేవాడు. వెనక సైటులో చిన్న గాడి, ముందు గొట్టం చివర నిలువు మొన, దూరంగా కాగితం మీద నల్ల చుక్క. మూడింటినీ ఒక్కసారే స్పష్టంగా చూడటం ఏ కంటికీ చేతకాదు. మొనని చూడాలి. చుక్క మసగ్గా ఉన్నా పరవాలేదు. "అందుకే ఇది నాకు సరిపోయింది. ఎటూ మసకేగా" అనేవాడు. కోచ్ గారు నాకు విడిగా చెప్పారు, సార్ ఈ వయసులో ఇలా కాలుస్తారనుకోలేదండీ అని. ఆ మాట బావకి చెబితే, "వయసుతో కాలుస్తామా ఏంటి" అన్నాడు గానీ ఆ రోజు మిరపకాయ బజ్జీలు ఆయనే కొని తెచ్చాడు.

దసరా వచ్చింది. మహర్నవమి నాడు ఆయుధ పూజ. మా ఇళ్లలో ఆయుధాలంటే కత్తెర, గజం బద్ద, స్కూటరు, కుట్టుమిషను. వాటిముందు చేతులు జోడించడమే గానీ వాటిని ఆయుధాలని పిలవడానికి నాకెప్పుడూ కాస్త మొహమాటం. ఆ ఏడాది మాత్రం అక్క గర్వంగా పీట కడిగి, ముగ్గేసి, దాని మీద రైఫిల్ పెట్టింది.

"ఇన్నేళ్లకి మనింట్లో ఒక నిజం ఆయుధం" అంది.

బావ స్నానానికి వెళ్లాడు. అక్క గంధం అరగదీసింది, పసుపు ముద్ద చేసింది. గొట్టానికి ఒక బొట్టు, భుజానికి ఆనించే వెనక చెక్కకి ఒక బొట్టు. సైటు దగ్గరికొచ్చి ఆగింది. "ఇది ఆయన చూపురా, దీనికి బాగా పెట్టాలి" అంది. బాగానే పెట్టింది. పడుకుని ఉన్న ఆ మడత సైటు మీద గంధం, పసుపు, కుంకుమ, ఒకదాని మీద ఒకటి. నేను పక్కనే ఉన్నాను. కీలుకి తగలనివ్వకక్కా అని అనాలనే తోచలేదు. పైగా పూజయ్యాక తడి ఆరకుండానే, కొట్టునుంచి తెచ్చిన కొత్త పట్టు ముక్కలో రైఫిల్‌ని నేనే చుట్టాను. ముప్పై ఏళ్ల అనుభవంతో, ఒక్క ముడత లేకుండా. రెండు రోజుల తర్వాత బావ విప్పి పైపైన తుడుచుకున్నాడు. కీలు లోపలికి ఆయన కన్ను పోదు.

ఆ తర్వాత పోటీ దాకా సాధనకి వెళ్లలేకపోయాడు. కంటి ఒత్తిడి పెరిగి మందు మార్చారు, కదలకుండా ఉండమన్నారు. తిన్నగా పోటీ రోజే వెళ్లాం.

గోడౌన్ నిండా జనం. రేకుల కప్పు కింద ఫ్యాన్ల మోత, పక్క వరసల్లో రైఫిళ్ల చప్పుడు. బావ తన చోట నిలబడ్డాడు. గుళ్ల డబ్బీని చేత్తో తడిమి బల్ల మీద సర్దుకుంటున్నాడు. నేను రైఫిల్‌ని పెట్టెలోంచి తీశాను. సైటు కూడా నేనే ఎత్తాను. గట్టిగా లేచింది, ఎత్తిన చోట కదలకుండా నిలబడింది.

"టక్‌మందా?" అన్నాడు.

నాకేమీ వినపడలేదు. ఆ మోతలో వినపడదులే అనుకున్నాను. సైటుని వేలితో నెట్టి చూస్తే బిగుతుగానే ఉంది.

"ఆఁ, పడింది బావా" అన్నాను.

ముందు రెండు సరిచూసుకునే షాట్లు. అవి బాగా పడ్డాయని కోచ్ గారు దూరం నుంచే బొటనవేలు చూపించారు. తర్వాత కాగితం మార్చి పది షాట్లు. మాది చిన్న క్లబ్బు, పదీ ఒకే కాగితం మీద. మధ్యలో ఎవరూ ఏమీ చెప్పకూడదు. పది మీటర్ల అవతలి చిల్లు ఆయనకి కనపడదు. ఒక్కొక్కటీ ఊపిరి బిగబట్టి, నిదానంగా కాల్చాడు. నేను వెనక కుర్చీలో కూర్చుని ఆయన భుజాలనే చూశాను. చాలా అందంగా ఉన్నాయి ఆ భుజాలు. ఒక మనిషి తనకి ఇష్టమైన పని చేస్తున్నప్పుడు వీపు కూడా ముఖంలా ఉంటుందని అప్పుడే తెలిసింది.

కాగితం తాడు మీద జారుతూ వెనక్కి వచ్చింది. బావ దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. నల్ల చుక్కలో ఒకటో రెండో. మిగతావన్నీ కిందికి, తెల్ల భాగంలోకి.

క్లబ్బులో అందరికీ ఆయన కన్ను సంగతి తెలుసు. అందుకే ఎవరూ తుపాకీని అనుమానించలేదు. కోచ్ గారు కూడా వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "పర్లేదు సార్" అన్నారు తప్ప కాగితం వంక సరిగా చూడలేదు, చూస్తే బావకి బాధని. ఇంత మంది ఇన్ని రకాలుగా మంచితనం చూపించకపోతే ఆ రోజే తెలిసేది.

దారిలో బావ ఒకే మాట అన్నాడు. "అయిపోయిందిరా. మధ్య చూపు కూడా."

"అదేం కాదు బావా" అన్నాను. కారణమేదో తెలిసి అన్నది కాదు. అలవాటుగా అన్నాను.

ఆ మర్నాటి నుంచి ఆయన పేపరు చదవడం మానేశాడు. అక్షరాలు కనపడుతూనే ఉన్నాయి. అయినా అక్క చేత చదివించుకునేవాడు. కళ్లు మూసుకుని వరండా నుంచి వంటింటికి అడుగులు లెక్కపెట్టుకునేవాడు, గోడ తడుముకుంటూ స్విచ్చులు గుర్తుపట్టేవాడు. నేను వెళ్తే, "చూడరా, పదకొండడుగులు" అనేవాడు. చూపు పోయినప్పటికి సిద్ధపడుతున్నాడు, ఇంకా ఉండగానే. కార్తీకం, మార్గశిరం, పుష్యం అలా గడిచాయి. మాఘంలో ఒక పొద్దున్న లేచేసరికి కంటి ముందు వెలుతురూ నీడా తప్ప ఏమీ లేవు. డాక్టరు గారు చేయగలిగింది చేశారు. రాలేదు.

ఫాల్గుణంలో అక్క నన్ను పిలిచి, రైఫిల్‌ని క్లబ్బుకి ఇచ్చేయమని బావ అన్నాడని చెప్పింది. నేను దాన్ని కొట్టుకి తీసుకెళ్లి, ఇచ్చేముందు తుడుద్దామని పెట్టె తెరిచాను. పై అరలో నాలుగు మడతల్లో పోటీనాటి కాగితం ఉంది. విప్పి కౌంటరు మీద సాపు చేశాను.

మొదటి చిల్లు నల్ల చుక్క నడుమ. దాని కింద రెండోది. దాని కింద మూడోది. పోగు పట్టి లాగినట్టు నిలువుగా ఒకే గీతలో తొమ్మిది చిల్లులు, ఒక్కొక్కటీ కాస్త కాస్త దిగుతూ. పదోది మాత్రం దూరంగా, కుడి అంచుకి. నేతగాడి కొడుకుని, పడుగు పోగు తిన్నగా ఉందో లేదో చెప్పడానికి నాకు కోచ్ గారు అక్కర్లేదు. అంత తిన్నగా కాల్చినవాడి కంటికి మొన కనపడింది. కనపడకపోతే చిల్లులు నాలుగు దిక్కులా పోవాలి.

అప్పుడు సైటు ఎత్తాను. గట్టిగా లేచింది. టక్ లేదు. భూతద్దం పెట్టి చూస్తే కీలు సందులో పసుపు. నాలుక పడాల్సిన గుంటలో గంధం రాయిలా గడ్డకట్టి ఉంది. పూజ బిగుతునే నేను కీలు బిగుతనుకున్నాను. రైఫిల్ అదిరిన ప్రతిసారీ సైటు ఇంత వాలింది, చిల్లు ఇంత దిగింది.

చెప్పాలా వద్దా అని వారం రోజులు కొట్టులో చీరలు తప్పుగా మడిచాను. చెప్పకపోతే ఆయన కన్ను మీద నింద అలాగే ఉంటుంది. చెబితే, చూపున్న మూడు నెలలు కళ్లు మూసుకుని అడుగులు లెక్కపెట్టింది వృథా అని చెప్పినట్టు. రెండిట్లో ఏది తేలికో నాకు తెలుసు. తేలికైనవే ఎంచుకుని ఇక్కడిదాకా వచ్చాను. ఆదివారం వెళ్లి చెప్పాను, అక్క వంటింట్లో ఉండగా. గంధం సంగతి, పట్టు ముక్క సంగతి, ముఖ్యంగా ఆ టక్ సంగతి.

బావ నా గొంతు వైపు తల తిప్పాడు. తర్వాత, "పడిందని చెప్పావు కదరా" అన్నాడు.

"చెప్పాను."

"వినపడలేదా?"

"లేదు బావా."

కుర్చీ చేతిని అరచేత్తో రెండుసార్లు నిమిరాడు. "మార్గశిరంలో నీ కూతురు వచ్చింది, కొత్త ఓణీ కట్టుకుని. ఎలా ఉంది మావయ్యా అంటే బావుందమ్మా అన్నా, కళ్లు మూసుకునే. తెరవాల్సింది." అన్నాడు. "మీ అక్కకి చెప్పకు. పూజ మానేస్తది."

అంతే. తిట్టలేదు. తిడితే నాకు తేలికగా ఉండేదని ఆయనకి తెలిసే తిట్టలేదేమో కూడా.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ కాగితం తీసుకురమ్మంటున్నాడు. వారానికి ఒక చిల్లు. ముందు తనే చెబుతాడు: మూడోదానికి ఊపిరి ముందే వదిలేశాను, వెంట్రుకవాసి ఎడమకి ఉండాలి చూడు. నేను చూస్తాను. వెంట్రుకవాసి ఎడమకి ఉంటుంది. ఐదోది మంచిగా వదిలాను అంటాడు. ఐదోది గీతలో సూదిలా ఉంటుంది. ఉందని చెబితే తలూపుతాడు. ఆ పూటకి ఇక రైఫిల్ మాటుండదు. ఉయ్యూరు బడి సంగతులో, నా వ్యాపారం మీద వెటకారమో.

పోయిన వారం పదోదాని వంతు వచ్చింది.

"అది చెప్పు" అన్నాడు. ఈసారి తను ముందు చెప్పలేదు.

కాగితం నా చేతిలో ఉంది. ఆయనకి కనపడదు. గీతలోనే ఉంది బావా అంటే అయిపోతుంది. నోటిదాకా వచ్చింది కూడా.

"కుడికి పోయింది. బాగా పోయింది" అన్నాను.

"అవును" అన్నాడు బావ, ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు. "తొమ్మిదోదాని తర్వాత పక్క వరసలో ఎవరో అయ్యో అనడం వినపడింది. నా గురించే అనుకున్నా. మొన చూడలేదు, నొక్కేసి లేద్దామని నొక్కేశా. తొమ్మిది మీరు చేశారు, పదోది నేను చేసుకున్నా. అది నీ మీదేసుకోకు."

నేనేమన్నా అనేలోగా అక్క వంటింట్లోంచి కంటి చుక్కల సీసా పట్టుకుని వచ్చింది. "ఏవండీ, టైమైంది" అంది. నొప్పి లేకుండా ఉండడానికి ఆ చుక్కలు ఇప్పటికీ వెయ్యాలి. ఆయన తల కుర్చీ వెనక్కి వాల్చి, రెండు కళ్లూ తెరిచి కూర్చున్నాడు.